అధ్యక్షులవారి ఎర్రలైటు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకాస్త. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి. ఇది అరిచి చెప్పే కథ కాదు, అరవడం గురించిన కథ. ముందు ఈ శాసనం వినండి.

"అధ్యక్షులవారు ప్రసంగించు సమయమున యాంప్లిఫయరునందలి ఎర్రదీపము విధిగా వెలుగవలెను. వెలుగనియెడల సదరు ప్రసంగము జరిగినట్లు పరిగణింపబడదు."

ఇది బంగారుపాళ్యం మామిడి రైతుల సర్వతోముఖ సంక్షేమ సంఘంవారి పదిహేడో తీర్మానం. నవ్వకండి! పదకొండు మంది పెద్దమనుషులు దాని కింద సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఇద్దరు చదివి మరీ పెట్టారు.

ఇంతటి తీర్మానం ఊరికే పుడుతుందా? దీనికి కారకుడు సుభాన్ బాషా. హైవే పక్క సందులో మైకుసెట్టు అంగడి ఆయనది. అంగడిలో ఉన్న ఆస్తి ఒక యాంపు, రెండు మైకులు, మనిషెత్తు బాక్సులు రెండు. పెళ్ళయినా ఉరుసయినా జాతరయినా ఆ రెండు బాక్సులే వెళ్ళాలి. అందరికీ తోటలుంటే బాషాకు ఆ రెండు బాక్సులే రెండెకరాలు. వాన తుంపర మొదలైతే తన నెత్తి తడిసినా సరే, ముందు టార్పాలిన్ వాటిమీద కప్పేవాడు. పనిమంతుడు. మంచివాడు. ఒక్కటే లోపం. పెద్దవాళ్ళ మొహం మీద "కాదు" అనే మాట అనలేడు. నాలుక దాకా వస్తుంది, అక్కడ చల్లబడిపోతుంది.

నిరుడు మామిడి సీజన్‌కు కాస్త ముందు సంఘం సభ జరిగింది. అధ్యక్షులు చక్రధర్ గారు లేచారు. నలభై ఎకరాల బెంగుళూర మామిడితోట, దానికి తగిన గొంతు. ఆయన మైకును నమ్మే మనిషి కాదు. చేతిలో మైకున్నా ఊరవతలకు వినబడాలంటే తన గొంతే దిక్కని ఆయన అభిప్రాయం. అందుకని మొక్కజొన్న పొత్తు కొరికినట్టు మైకును నోటికి పెట్టుకుని, చేను మీద పడ్డ ఎద్దుల్ని అదిలించినట్టు మాట్లాడతారు. అలా మాట్లాడుతూ ఉండగా యాంపు మీద ఎర్రలైటు వెలిగింది.

దిగి వచ్చి అడిగారు.

"ఏమప్పా బాషా! నేను మాట్లాడతా ఉంటే ఆ డబ్బాలో ఎర్రగా ఏందో వెలిగింది. ఏందది?"

నిజమైన జవాబు చాలా చిన్నది. "అయ్యా, తమరు అరుస్తా ఉండారు. యాంపు తట్టుకోలేకుండా ఉండాది." అంతే. కానీ చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. అధ్యక్షుల మెడలో అప్పుడే వేసిన పూలదండ ఉంది. బాషా నాలుక చల్లబడిపోయింది.

"అది... తమరి గొంతుకు వచ్చిందయ్యా. అందరికీ రాదు."

"అందరికీ రాదా?"

"సుబ్రమణ్యమయ్య మాట్లాడినప్పుడు పచ్చదే గదయ్యా వెలిగింది!"

అయిపోయింది. ఆ ఒక్క ముక్కతో నిప్పు అంటుకుంది. సుబ్రమణ్యం గారు సంఘం ఉపాధ్యక్షులు. ఆయన ఆ పక్కనే నిలబడి మజ్జిగ తాగుతున్నారు. మజ్జిగ మింగుడుపడలేదు.

మరుసటి సభకు సుబ్రమణ్యం గారు కూడా మైకును కొరికారు. ఎర్రలైటు వెలిగింది! మూడో సభకు కోశాధికారి కొరికారు. మూలన ఉండే యాంపును తెచ్చి వేదిక మీద, జనానికి ఎదురుగా, పీట వేసి నిలబెట్టారు. దానికొక తుండుగుడ్డ, ఒక పూలదండ. లైటు వెలిగినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టాలి. లెక్కపెట్టడానికొక మనిషి. సంఘం మినిట్స్ పుస్తకంలో ప్రసంగాల సారాంశం రాసే చోట ఇప్పుడు ఇలా ఉండేది: "అధ్యక్షులు, ఎర్రదీపము పద్నాలుగు పర్యాయములు. ఉపాధ్యక్షులు, తొమ్మిది. కోశాధికారి, ఒకటి, అదియును దగ్గు వలన."

సభలో మాట ఎవరికైనా అర్థమయ్యేదా అంటారా? బాక్సుల్లోంచి వచ్చేదంతా "బర్ర్... రైతు... బర్ర్... సోదరులారా... బర్ర్ర్!" జనానికి దానితో ఏం పని? లైటు చూస్తారు, చప్పట్లు కొడతారు, వడ పొట్లం తీసుకుంటారు.

బాషా ఊరుకోలేదు. ఒక్కో బాక్సుకు వెళ్ళే తీగ మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టాడు. ఫ్యూజు అంటే పాపం, పులుసులో కరివేపాకు కంటే చిన్న బతుకు. కరెంటు మితిమీరితే ముందు తాను చచ్చి వెనకున్నదాన్ని బతికిస్తుంది. అధ్యక్షులవారు "ఈ సంఘానికి ప్రాణం..." అన్నారో లేదో అది టిక్కుమని చచ్చిపోయింది. వాక్యం పూర్తి కాలేదు. సంఘానికి ప్రాణం ఎవరో బంగారుపాళ్యానికి ఇప్పటికీ తెలియదు.

వెంటనే పద్దెనిమిదో తీర్మానం! "ఫ్యూజు అను అల్ప పరికరము అధ్యక్షులవారి వాక్కునకు భంగకరమైనందున దానిని తొలగించి, ఆ స్థానమున దృఢమైన తీగ చుట్టవలెను." తీగ సుబ్రమణ్యం గారే దగ్గరుండి చుట్టించారు. గుమ్మడి తీగకు మల్లే లావుపాటిది.

"అయ్యా, బాక్సులు కాలిపోతాయేమో..." అని బాషా గొణిగాడు.

"ఎట్ట కాలతాయప్పా? నీ యాంపు చూడబోతే ఇంత, బాక్సులు చూడబోతే అంత! పిల్లి అరిస్తే ఏనుగు సస్తాదా?" అన్నారు సుబ్రమణ్యం గారు. పదకొండు మందీ నవ్వారు. సైన్సు అక్కడితో ముగిసింది.

ఆ సాయంత్రమే మొదటి బాక్సు మాడింది. ఎలా తెలిసిందంటే, వంటవాళ్ళు పప్పు అడుగంటిందనుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తారు. మూడోనాడు బాషాకు సంఘం నుంచి కాగితం వచ్చింది. "మీ బాక్సులు అధ్యక్షులవారి ప్రసంగ ఔన్నత్యమును భరింపలేకపోవుటకు గల కారణములను, మాడిన వాసన వలన అధ్యక్షులవారికి కలిగిన తుమ్ములకు మీ సంజాయిషీని, లిఖితపూర్వకముగా తెలుపవలెను." బాషా తెలిపాడు. "తప్పయిపోయింది, క్షమించాలి" అని రాసి కింద సంతకం పెట్టాడు. ఏడాదిలో మూడుసార్లు మాడాయి, మూడుసార్లు క్షమించమని రాశాడు.

మూడోసారి బాక్సుల్ని ఆటోలో వేసుకుని చిత్తూరు వెళ్ళాడు. అక్కడ కాయిళ్ళు చుట్టే అష్ఫాక్ ఉన్నాడు. స్పీకరు విప్పి, లోపలున్న వెంట్రుకంత రాగితీగ బొగ్గయిపోయి ఉంటే చూసి, తల పట్టుకున్నాడు.

"ఎవరు భాయ్, మూడు తూర్లూ ఇంత పగబట్టి కాల్చింది?"

"సంక్షేమ సంఘం."

"ఇను భాయ్. బలముండే యాంపు నిమ్మళంగా పాడితే బాక్సుకి హాయి. బలం చాలనిది గొంతు సించుకుంటే బాక్సుకి సావు. చేతగాని యాంపు చెయ్యెత్తేసినప్పుడు శబ్దానికి తల తెగిపోతాది. ఆ తల తెగినదుండాదే, అది లోపలికి మాటగా పోదు, సెగగా పోతాది. అదే ఎర్రలైటు. 'నా వల్ల గాదు సామీ' అని యాంపు పెట్టే మొర అది. నీకు తెలుసు గదా?"

"తెలుసు" అన్నాడు బాషా, తల దించుకుని.

"తెలిసీ వెలిగించినావా! ఇదే కడపటిసారి చుట్టేది. ఇంకొక్కసారి మాడిందా, కాయిల్ కూర్చునే సందే చెడిపోతాది. అప్పుడు నా దగ్గరికి రావద్దు. మసీదుకు పోయి దువా చేసుకో."

బాషా ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయాడు. మంగళవారం సీజన్ ప్రారంభ సభ. ఉద్యానశాఖ నుంచి ప్రసన్నకుమారి మేడం వస్తున్నారు. రైతుల కాయలు కొని గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ మేనేజరు వస్తున్నాడు. అంత పెద్ద సభలో పదకొండు మందీ పోటీపడి ఎర్రలైటు వెలిగిస్తారు. బాక్సులు పోతాయి. ఇక అంగడికి మిగిలేది బోర్డు ఒక్కటే.

ఆయన భార్య దిల్షాద్ బీ ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. సూదిలో దారం ఎక్కిస్తూ అంది:

"అజీ, లైటు గొప్పదని చెప్పింది నువ్వే. కాదని చెప్పేది కూడా నువ్వే."

"ఏడాది పొడుగునా గొప్పదని చెప్పి, ఇప్పుడు పోయి తప్పయ్యా అంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?"

దిల్షాద్ దారం కొరికింది. "సరే. నువ్వు నిజం చెప్పలేవు. అబద్ధమైనా సరిగ్గా చెప్పచ్చు గదా? పెద్దోళ్ళ కార్ల మీద ఎర్రబుగ్గలుండె చూడు, ఇప్పుడుండాయా?"

"ల్యా. తీసేసి శానా ఏండ్లాయె."

"అంతే గదా!" అని, వరలక్ష్మమ్మ జాకెట్లు సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. వరలక్ష్మమ్మ అంటే అధ్యక్షులవారి ఇల్లాలు.

గంటలో తిరిగి వచ్చింది. వస్తూనే, జరిగింది జరిగినట్టు, ఇద్దరి గొంతులూ తనే పలికి బాషాకు ఆడి చూపించింది.

"'అమ్మా, ఒక మాట. అయ్యగారికి మాత్రం సెప్పద్దు, బాధపడతారు' అన్నాను. 'ఏందే దిల్షాదూ అది, సెప్పవే!' అనింది. 'ఎర్రలైటు ఇప్పుడు చిన్నోళ్ళకేనంటమ్మా. పెద్దోళ్ళ కార్ల మీద బుగ్గలు తీసేసినారు గదా, అదే మాదిరి యాంపుల్లో కూడా. తిరుపతిలో పెద్ద సభల్లో పచ్చలైటు అదరకుండా వెలగల్లంట. ఎర్రది వచ్చిందా, ఎవరో నిన్న మైకు పట్టినోడని మేడాలంతా నవ్వుకుంటారంట' అన్నాను. 'అయ్యయ్యో! మంగళవారం మేడం వస్తా ఉండాదే!' అనింది. 'అందుకేనమ్మా సెప్పద్దంటా ఉండా' అన్నాను."

"మరి చెప్తాదంటావా?" అన్నాడు బాషా.

"చెప్పద్దన్నా గదా! ఈపాటికి రెండుసార్లు చెప్పేసుంటాది."

ఆమె మాట నోట్లో ఉండగానే బాషా ఫోను మోగింది. అధ్యక్షులవారు! గొంతు ఎంత తగ్గించారంటే, నాయనా, ఆయన జన్మలో అంత మెల్లగా మాట్లాడి ఉండరు.

"బాషా... ఆ పచ్చది అదరకుండా రావల్లంటే ఎట్ట మాట్లాడల్లప్పా?"

"మైకు జానెడు దూరం పెట్టుకోండయ్యా. పక్కనోళ్ళతో మాట్లాడినట్టు నిదానంగా మాట్లాడండి. మిగతాది యాంపు చూసుకుంటాది."

"సరే. సుబ్రమణ్యానికి మాత్రం సెప్పద్దు. వాడు అరవనీ."

అదీ సంఘంలోని ఐకమత్యం! కానీ ఆ కడపటి మాటతో బాషా గుండె జారింది. సుబ్రమణ్యం గారు అరిస్తే ఆ ఒక్క అరుపు చాలు, బాక్సు బూడిద. అందుకని మంగళవారం తెల్లారగానే మార్కెట్ యార్డుకు వెళ్ళి, లావుపాటి తీగలు పీకేసి, రెండు బాక్సులకూ కొత్త ఫ్యూజులు పెట్టాడు. పద్దెనిమిదో తీర్మానాన్ని ఉల్లంఘించాడన్నమాట. పెట్టింది మాత్రం గట్టిగానే పెట్టాడు.

సభ నిండింది. రెండు రోజులుగా ఫ్యాక్టరీ గేటు ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. టోకెను చేతబట్టుకుని, ఎప్పుడు పిలుస్తారో తెలియక రైతులు వడలిపోయి ఉన్నారు, వెనక కాయలూ అట్లాగే ఉన్నాయి. వాళ్ళలో వసంతమ్మ ఒకతె. రెండెకరాల తోట. ట్రాక్టరు దగ్గర పక్క చేనామెను కాపలా పెట్టి సభకు వచ్చింది. ఎందుకంటారా? వడ కోసం. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

చక్రధర్ గారు లేచారు. మైకును జానెడు దూరం పట్టుకున్నారు. ఓరకంటితో యాంపు చూసుకుంటూ, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురిలాగా గొంతు విప్పారు. చేతిలో కాగితం. ఆ కాగితం ప్రతి ఏడూ ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు చేసి పంపిస్తారు, ఆయన చదువుతారు. తేదీ ఒక్కటే మారుతుంది.

పచ్చలైటు నిలకడగా వెలిగింది. ఎంత బాగా వినిపించిందంటారూ! ఒక్కో అక్షరం ముత్యంలా, షెడ్డు చివర నిలబడ్డ గొర్రెకు కూడా అర్థమయ్యేటట్టు.

"సోదర రైతులారా, ఫ్యాక్టరీ యాజమాన్యం వారు దేవుడితో సమానులు. వారు నిర్ణయించిన ధరకు మీ అందరి తరఫున నేను ముందుగానే అంగీకారపత్రం మీద సంతకం చేసి ఇచ్చి ఉన్నాను. గేటు ముందు రెండు మూడు రోజులు వేచి ఉండుట వలన రైతులలో సహనం పెంపొందుతుంది. సంఘం పెద్దల ట్రాక్టర్లు ఎండలో నిలబడనవసరం లేకుండా పక్క గేటు తెరిచినందుకు యాజమాన్యం వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు..."

చప్పట్ల కోసం ఆగారు. చప్పట్లు లేవు. మేనేజరు చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. షెడ్డు మధ్యలోంచి వసంతమ్మ లేచింది.

"నాయనా, ఆ కడాకు చెప్పినావే, ఆ ముక్క మళ్ళా సెప్పు. పక్క గేటా? యాడుండాది ఆ గేటు? మేము రెండు దినాలుగా ఎండలో సస్తా ఉంటే మీ ట్రాక్టర్లు ఆడ్నుంచి పోతా ఉండాయా?"

"ఏమ్మే, కొత్తగా ఇంటా ఉండావా? పోయినేడు గూడా ఇదే గదా చదివినాను! మీరందరూ పద్నాలుగు తూర్లు చప్పట్లు కొట్టినారు గదా!"

అంటే అన్నారు గానీ, అన్న తరవాత ఆ మాట ఆయన చెవుల్లోకి కూడా స్పష్టంగానే వెళ్ళింది. మంచి సౌండు గదా! జనమంతా ఒక్కసారి లేచారు. సుబ్రమణ్యం గారు తన ప్రసంగం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కనబడని చుట్టాన్ని పలకరించడానికి వెనక్కి వెళ్ళిపోయారు.

"బాషా! సౌండు పెంచు! ఎర్రది వెలిగించు!"

బాషా కదలలేదు. "ఎర్రది తమరి హోదాకు తగదయ్యా" అన్నాడు.

"తగతాది! ఈ పొద్దు తగతాది!" అని చక్రధర్ గారే ఉరికి వచ్చి, యాంపు మీదున్న సౌండు గుండీని చివరికంటా తిప్పి, మైకును కొరికి, "శాంతి! శాంతి!" అని గావుకేక పెట్టారు. ఎర్రలైటు భగ్గుమంది. షెడ్డు రేకులు అదిరాయి. బాషా కళ్ళు మూసుకున్నాడు.

టిక్. టిక్.

రెండు ఫ్యూజులూ పోయాయి. బాక్సులు మాత్రం చల్లగా ఉన్నాయి. మైకు లేని అధ్యక్షులవారి గొంతు, చూడబోతే, అందరి గొంతుల్లాంటిదే!

అప్పుడు ప్రసన్నకుమారి మేడం అడిగారు. "ఏమయ్యా, ఆ లైటు సంగతేంటి? ఇందాకటి నుంచి ఎర్రది, ఎర్రది అంటున్నారు?"

పదిమంది కాదు, ఐదొందల మంది చూస్తున్నారు. బాషా నాలుక అలవాటు ప్రకారం చల్లబడబోయింది. పక్కనున్న బాక్సు మీద చెయ్యి వేశాడు. వేసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని చెప్పాడు.

"అది గొప్పోళ్ళ లైటు గాదమ్మా. నేనే ఆ పొద్దు భయపడి అబద్ధం చెప్పినాను. 'ఇంక భరించలేను, తగ్గించండి' అని యాంపు మొత్తుకునే లైటు అది. మీరు చప్పట్లు కొట్టింది దానికి."

వసంతమ్మ అందుకుంది:

"అట్టయితే ఆ లైటు దానికెందుకప్పా? మా నెత్తిన తలా ఒకటి పెట్టు!"

చూడండి నవ్వు! మేడం కూడా నవ్వారు. నవ్వుతూనే లేచి, "పదండి, ఆ పక్క గేటు ఎక్కడుందో చూద్దాం" అన్నారు. ఐదొందల మంది ఆమె వెనక నడిచారు. పొద్దు గుంకేలోపల రెండు గేట్లకూ ఒకే వరస అయింది. వసంతమ్మ కాయలు ఆ సాయంత్రమే దిగాయి. పెద్దమనుషుల ట్రాక్టర్లు మాత్రం వరస చివర నిలబడి సహనం పెంపొందించుకున్నాయి. సభలో వడలు ఎవరూ తినలేదు. వంటవాళ్ళే వేడివేడిగా గేటు దగ్గరికి పట్టుకెళ్ళి పంచారు.

మరి సంఘం ఊరుకుంటుందా? పదిరోజుల్లో అత్యవసర సమావేశం పెట్టింది. జరిగిన అల్లరికి మూలకారణం ఏమిటో లోతుగా విచారించింది. పక్క గేటా? కాదు. సంతకమా? కాదు. "శబ్దము అనవసరముగా స్పష్టముగా వినిపించుటయే" అని తేల్చింది. వారం తిరక్కుండా మార్కెట్ యార్డు గోడ మీద ప్రకటన అంటించారు. బాషా దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, ఇంటికి తెచ్చి దిల్షాద్‌కు చదివి వినిపించాడు.

"సంఘ సభలకు మైకుసెట్టు సరఫరా చేయగోరువారు దరఖాస్తు చేసుకొనవలెను. అర్హతలు: కనీసము నాలుగుమార్లు మాడిన కాయిళ్ళు కలిగియుండవలెను. బాక్సులలోని కాగితపు కోనులు చిరిగియున్న వారికి ప్రాధాన్యము ఇవ్వబడును. ఫ్యూజు వాడువారు అనర్హులు."

దిల్షాద్ మిషను తొక్కడం ఆపలేదు. నవ్వు ఆపుకోలేక కుట్టు మాత్రం వంకరపోయింది.

"అజీ, మనకు అర్హత ల్యా. మనవి బాగుండాయి!"

విన్నారు కదా! ఇప్పుడు ఇది మీ దగ్గర పెట్టుకోండి, పారేసుకోకండి. ఎక్కడైనా వేదిక మీద ఎర్రగా వెలిగితే, చప్పట్లు కొట్టేముందు పక్కవాళ్ళకు ఈ కథ చెప్పండి. మైకు అక్కర్లేదు, పక్కవాళ్ళ చెవికి అందేంత గొంతు చాలు. వాళ్ళను వాళ్ళ పక్కవాళ్ళకు చెప్పమనండి.